దయ్యానికి చెంప ఆనించిన మనిషి

నున్నటి చెక్కను తాకినప్పుడల్లా తుక్కుగూడ నుంచి వచ్చిన ఆ వడ్రంగి గుర్తొస్తాడు. హాలోవీన్‌కి పిల్లలు తల దూర్చి ఫోటోలు దిగేందుకు, మా శంషాబాద్ విల్లాల ముందు నోరు తెరిచిన చెక్క దయ్యాన్ని చేసింది ఆయనే. చిత్రిక పట్టిన ప్రతి అంచుకూ కళ్లు మూసుకుని చెంప ఆనించి చూసేవాడు.

"చేత్తో తడిమితే చాలదా అన్నా? పిల్లలొచ్చే వేళయింది," అని తొందరపెట్టాను.

"చేతులు మొద్దుబారినయక్కా. చెంపకే తెలుస్తది."

చివరి కోర దగ్గర చెంప ఆగింది. సన్నగా రక్తం చిమ్మింది. "దొరికింది!" అని నవ్వి, గుచ్చుకున్న ఆ చెక్క పేడు తీసేసి మళ్లీ చెంప ఆనించాడు.

సాయంత్రం ఆ నోట్లో తలలు పెట్టి పిల్లలు ఒకటే కేకలు. ఆయన మాత్రం దయ్యం మెడలో నిమ్మకాయ, మిరపకాయలు కడుతున్నాడు.

"దయ్యానికెందుకన్నా అవి?"

"గింతమంది జూస్తున్నరు. దిష్టి తాకదా అక్కా?"