బిళ్లలు ఆపమన్న మనిషి

ఎవరైనా దయ్యాల మాటెత్తితే నవ్వేసేవాణ్ణి. శవాలను కోసి చదువుకున్న డాక్టర్ని కదా. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పలేను. జరిగింది మాత్రం చెబుతాను.

అరవైల చివర శ్రీకాకుళం దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో పనిచేసేవాణ్ణి. పొందూరు నుంచి అప్పలనరసమ్మ అనే ఆవిడ వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి, ఖద్దరు నూలు వడికేది. జ్వరం, మూత్రంలో మంట. సల్ఫా బిళ్లలు రాసిచ్చాను.

వారం తర్వాత భర్త ఆమెను బండిలో తెచ్చాడు. కళ్లు ఎర్రబడ్డాయి, నోరంతా పుండ్లు, ఛాతీ మీద ఎర్రటి మచ్చలు. అమ్మవారు, అంటే మశూచి అనుకున్నాను. చివరి గదిలో విడిగా పడుకోబెట్టించి, బిళ్లలు మానొద్దన్నాను.

ఆ మధ్యాహ్నం వరండాలో ఒక ముసలావిడ నాకు అడ్డం వచ్చింది. ఎడమ చెవితమ్మె తెగి రెండుగా వేలాడుతోంది.

“ఆ బిళ్లలు ఆపీ బాబూ. నాకూ అలాటివే ఇచ్చినారు, ఒల్లు ఊడిపోనాది” అంది.

చూస్తే ఆవిడ ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. “నాకు వైద్యం నేర్పుతావా? పో అవతలికి” అని కసిరాను. పట్టుదల కొద్దీ సాయంత్రం అప్పలనరసమ్మ చేత బిళ్ల నా ఎదుటే మింగించాను.

మర్నాడు పొద్దున్న నాడి చూద్దామని మణికట్టు పట్టుకుంటే చర్మం ఊడి నా వేళ్లకు అంటుకొచ్చింది. అమ్మవారైతే అలా ఊడిరాదు. మందు వికటించిందని అప్పటికి గానీ నా బుర్రకెక్కలేదు.

బిళ్లలు ఆపేశాం. లేత అరిటాకులకు నూనె రాసి వాటి మీద పడుకోబెట్టాం. సెలైన్ ఎక్కించాం, గంటగంటకీ కళ్లలో మందు వేశాం. మూడు వారాలకు లేచి కూర్చుంది. కుడికన్ను మాత్రం తెల్లబడిపోయింది.

ఆ ముసలావిడ మీ మనిషేనా అని భర్తనడిగాను. చెవి సంగతి కూడా చెప్పాను.

“మా అత్త బాబూ, దీనమ్మ. సచ్చిపోయి ఆరేళ్లయినాది. జొరానికి ఏవో బిళ్లలేసినారు, ఒల్లంతా పొక్కిపోనాది. అమ్మవారనీసినారు.”

నర్సునీ కాంపౌండర్నీ అడిగాను. అలాంటి మనిషిని ఎవరూ చూడలేదు.

ఇంటికెళ్లే రోజు అప్పలనరసమ్మ నా కాళ్లకు దణ్ణం పెట్టి, “నువ్వే బతికించినావు బాబూ” అంది. ఆ మందు ఆమెకు పడదని, మళ్లీ ఎప్పుడూ ఇవ్వకూడదని చీటీ మీద రాసి, భర్తకు రెండుసార్లు చదివి వినిపించాను. పుండ్లు చూశాక కూడా మింగించింది నా తప్పేనని, ముందురోజే ఆపి ఉంటే కన్ను దక్కేదేమోనని మాత్రం చెప్పలేదు.

ఆ వరండాలో నాతో మాట్లాడింది ఎవరో ఇన్నేళ్లయినా నాకు తేలలేదు. ఎవరైనా కానీ, కూతురి కోసం వచ్చిన మనిషిని పొమ్మన్నాను.