నేల అదురుతో చూసిన బ్యాలే

కరోనాకు ముందటి చలికాలం. కరీంనగర్‌లో ఒక సినిమా హాల్లో నేను ప్రొజెక్షన్ ఆపరేటర్‌ని. యూరప్‌లోని ఒక నాటకశాలలో జరిగే బ్యాలే నృత్యాన్ని శాటిలైట్ ద్వారా లైవ్‌గా చూపిద్దామని మా ఓనర్‌కు బుద్ధి పుట్టింది. అక్కడ మధ్యాహ్నం ఆట, మనకు సాయంత్రం. ఆదివారం పూట కొత్త సినిమా ఆపి ఇదేమిటని మేనేజర్ గొణిగాడు. నాకూ పెద్ద నమ్మకం లేదు.

హాలు సగమైనా నిండిందంటే రమాదేవి టీచర్ పుణ్యమే. ఊళ్లో కూచిపూడి నేర్పే ఆవిడ శిష్యులందరినీ వెంటబెట్టుకొచ్చింది. ఆట మొదలుకాక ముందే నా గదికి వచ్చి, "అన్నా, మీ సబ్‌వూఫర్ ఎటు దిక్కు ఉంటది?" అని అడిగింది. సబ్‌వూఫర్ అంటే తెర వెనక నేలకు ఆనించి పెట్టే పెద్ద స్పీకర్. డ్రమ్ముల వంటి లోతైన మోతలు దానిలోంచే వస్తాయి. ఎందుకని అడిగితే, వెనక నిలబడ్డ అమ్మాయిని చూపించింది.

"ఈమె అనూష. పుట్టినప్పటి సంది చెవులు వినరావు. నేల అదురును పట్టి ఆడ్తది. నా క్లాసుల తాళం తప్పనిది గీ పిల్లనే."

అనూష పక్కన వాళ్ల నాన్న లక్ష్మణ్. సిరిసిల్లలో సాంచలు, అంటే మరమగ్గాలు, నడుపుతాడు. ఇద్దరినీ ముందు వరసలో, స్పీకర్‌కు ఎదురుగా కూర్చోబెట్టాను.

బ్యాలే మొదలైంది. కాసేపటికి నేను మీటర్లు చూడటం మానేసి తెరనే చూస్తున్నాను. అందులోని ముఖ్య నర్తకి కాలివేళ్ల కొనల మీద నిలబడి, ఒళ్లంతా ఒక్క గీతలా సాగదీసి, అలాగే నిలిచిపోయింది. మెడ మీద చెమట, ఎగసిపడే ఊపిరి కనబడుతున్నాయి. సినిమాలో అయితే బాగా వచ్చిన షాట్లే ఏరి అతికిస్తారు. ఇక్కడ అతుకు లేదు. ఆమె ఆ క్షణంలోనే, అంత దూరాన, ఎక్కడా తప్పు పోకుండా చేస్తోంది.

రెండో అంకం నడుస్తుండగా లక్ష్మణ్ వగరుస్తూ మెట్లెక్కి వచ్చాడు.

"సారూ, సౌండ్ వోయింది."

నా గదిలోని చిన్న స్పీకర్‌లో వయొలిన్లు చక్కగా వినబడుతున్నాయి. "వస్తుంది గదనే!" అన్నాను.

"నాకు వస్తుంది సారు. మా బిడ్డకు వస్తలేదు. సాంచల షెడ్డుల పెరిగిన పిల్ల. ఏ సాంచ ఆగినా దాని కాళ్లకు ఎరుకైతది. జర చూడుండ్రి."

యాంప్లిఫయర్లు పేర్చిన ర్యాక్ వైపు తిరిగాను. సబ్‌వూఫర్‌ను నడిపే యాంప్లిఫయర్ మీద ఎర్ర లైటు. అది పనిచేయడం మానేసింది. చిన్న స్పీకర్‌లో లోతైన మోత పలకదు కాబట్టి నాకు తెలియలేదు.

మేనేజర్‌కు ఫోన్ చేస్తే, "ఎవ్వలన్న కంప్లైంట్ చేసిండ్రా? ఇంటర్వెల్ దాకా ముట్టకు" అన్నాడు.

ఆయన భయం అబద్ధం కాదు. తీగలు మార్చేటప్పుడు చేయి తగిలితే హాలు మొత్తం మూగబోవచ్చు. కానీ ఈ అంకం చివర డ్రమ్ముల నాట్యం ఉందని టీచర్ ముందే చెప్పింది. సినిమా అయితే ఆపి మళ్లీ వేయొచ్చు. లైవ్ ఎవరి కోసమూ ఆగదు.

"కంప్లైంట్ వచ్చింది సార్" అని ఫోన్ పెట్టేశాను.

లక్ష్మణ్ టార్చి పట్టుకున్నాడు. కేబుల్ పీకి స్పేర్ యాంప్లిఫయర్‌కు తగిలించి, వాల్యూమ్ సున్నా నుంచి మెల్లగా పెంచాను. అద్దంలోంచి కిందికి చూశాం. చెప్పులు విడిచి, పాదాలు నేలకానించి కూర్చున్న అనూష ఒక్కసారి నిటారుగా అయింది. వెనక్కి తిరిగి మా గది వైపు చేయెత్తింది. లక్ష్మణ్ టార్చి ఆర్పడం కూడా మరిచిపోయాడు.

అంతలోనే డ్రమ్ములు మొదలయ్యాయి. తెర మీద ఆ నర్తకి గాలిలోకి లేచిన ప్రతిసారీ అనూష భుజాలు లేచాయి.

ఆట ముగిశాక అక్కడి జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మన చప్పట్లు వాళ్లకు ఎలాగూ అందవని మావాళ్లు తటపటాయిస్తున్నారు. అనూష లేచి, రెండు చేతులూ పైకెత్తి వేళ్లు ఆడించింది. చెవులు వినరానివాళ్ల చప్పట్లు అవేనట. ముందు తోటి శిష్యులు, తర్వాత వెనక వరసలు, చివరికి తలుపు దగ్గరున్న మేనేజర్ కూడా చేతులెత్తారు.

సౌండంటే చెవికి సంబంధించినదేనని అంతవరకూ నా లెక్క. ఇప్పుడు రోజూ మొదటి ఆటకు ముందు టెస్ట్ సౌండ్ పెట్టి కిందికి దిగుతాను. చెప్పులు విడిచి, ముందు వరసలో కాసేపు నిలబడి, నేల అదిరాకే తలుపులు తీయమంటాను.