రాఖీ పున్నమికి సోలాపూర్: అమ్మ పోలెల రుచి వెతుక్కుంటూ

అమ్మ పోయాక వచ్చిన మొదటి రాఖీ పున్నమి ఇది. నెల ముందు నుంచే హైదరాబాద్‌లో మా వంటింట్లో వారం వారం పోలెలు, అదే బొబ్బట్లు, చేస్తూనే ఉన్నాను. తిన్నప్పుడల్లా తమ్ముడు "బాగున్నయక్కా" అంటాడు. వాడు ఏది పెట్టినా బాగుందనే అంటాడు కాబట్టి ఆ మాట లెక్కలోకి రాదు. నాకు మాత్రం ఏదో తక్కువైనట్టే ఉండేది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు సోలాపూర్‌లో ఒక రాఖీ పున్నమికి అమ్మ చేసిన పోలెల్లో, తీపి వెనకాల మరో రుచి నాలుకకు సన్నగా తగిలింది. ఆ మరుసటేడే హైదరాబాద్ వచ్చేశాం, ఆ రుచి మళ్ళీ దొరకలేదు. మెంతిపిండి వేసి చూశాను, బెల్లం కాస్త మాడ్చి చూశాను, ఊహూఁ. అమ్మను అడిగితే మాట మార్చేది. పిండిలో చెయ్యి పెట్టే ముందు వేలి కొస ఒకసారి నాలుకకు తాకించేది, అంతే. అదేదో మొక్కు అనుకునేదాన్ని. ఇక అడగడానికి మిగిలింది చిన్నమ్మ ఒక్కతే. సోలాపూర్ బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో, అమ్మా తనూ పక్కపక్కన కూర్చుని బీడీలు చుట్టిన ఇంట్లోనే ఇప్పటికీ ఉంది. ఈసారి పట్టుకోకపోతే ఆ రుచి అమ్మతోపాటే పోయినట్టని భయమేసింది.

సికింద్రాబాద్ నుంచి సోలాపూర్‌కు రైల్లో ఐదారు గంటలు పడుతుంది. ముందురోజు మధ్యాహ్నం నేనూ తమ్ముడూ స్లీపర్లో బయలుదేరాం. స్టేషన్ దగ్గరే తొమ్మిది వందలకు లాడ్జిలో గది దొరికింది. చిన్నమ్మది ఒక్క గది ఇల్లు, ఆమెకు ఇబ్బంది ఎందుకని అక్కడ దిగాం. ఆ సంగతి తెలిశాక ఆమె తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

పొద్దున ఏడింటికి ఆటో మాట్లాడాం. రెండు వందలన్నాడు, నూట డెబ్బైకి ఒప్పుకున్నాడు. దారి కాస్త చుట్టయినా జోడ్‌భావి పేట్ మీదుగా పోనివ్వమన్నాను, మా నాన్న పవర్‌లూమ్ నడిపింది ఆ గల్లీల్లోనే. నా చిన్నప్పుడు అక్కడ మగ్గాల మోతలో పక్కమనిషి మాట వినిపించేది కాదు. ఇప్పుడు గల్లీ అంతా నిశ్శబ్దం. "ఏందన్నా, అన్నీ మూసేసిన్రా?" అని కంగారుగా అడిగాను. డ్రైవర్ కూడా అక్కడి తెలుగువాడే, నవ్వాడు. "లేదక్కా, ఇయ్యాల సణ్, పండుగ గద, మాగ్ బంద్. మగ్గానికి దారం కట్టి దండం పెడ్తరు. రేపు పొద్దుగాల వచ్చి చూడు, చెవులు మూసుకుంటవ్." అరుగుల మీద మగవాళ్ళు కొత్త జంధ్యాలతో కూర్చుని ఉన్నారు. మూలమీద దుకాణంలో పావుకిలో శేంగా చట్నీ కొన్నాను. పల్లీలు, వెల్లుల్లి, ఎర్రకారం కలిపి దంచిన ఆ పొడి ఇంకా వెచ్చగా ఉంది.

ఎనిమిదిన్నరకు వెళ్ళేసరికి చిన్నమ్మ గడపలో కూర్చుని ఉంది, ఒళ్ళో చాట, చాటలో తునికాకు, తంబాకు. "పండుగ పూట గూడ ఇడువవా చిన్నమ్మా?" అన్నాను. "కారఖానాకు సుట్టీ గని నాకేడిది బిడ్డా? రేపు పొద్దుగాల మాల్ ఇయ్యాలె" అంటూనే లేచి మమ్మల్ని దగ్గరికి తీసుకుంది. నేను ఎందుకు వచ్చానో చెబితే వింతగా చూసింది. "మీ అమ్మ కొత్తగ ఏం ఏసేది? శెనగపప్పు, బెల్లం, యాలకులు. బస్." అంటూ పప్పు పొయ్యి మీద పెట్టింది.

పప్పు ఉడికే లోపు ఊరికే ఉండలేక చాట ముందు కూర్చుని, చుట్టిన బీడీలకు మూతులు మడిచాను. ముప్పై ఏళ్ళయినా చేతులు మర్చిపోలేదు. చిన్నమ్మ పాలకని పక్కింటికి వెళ్తూ పూర్ణం ముద్దలు చేయమంది. సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని, పూర్ణం కలిపి, నాలుగు పోలెలు కాల్చాను కూడా. దేవుడికి పెట్టకముందే తమ్ముడు ఒకటి లాగి కొరికాడు. ఏది పెట్టినా బాగుందనే మనిషి నమలడం ఆపేశాడు.

"అక్కా, చేదొస్తున్నది."

అప్పుడే వచ్చిన చిన్నమ్మ నా చెయ్యి పట్టి వాసన చూసింది. "తంబాకు ముట్టినవా? ఏంతోని కడిగినవ్?"

"సబ్బుతోని. రెండుసార్లు."

"సబ్బుకు పోతదానే అది! చింతపండుతోని రుద్దాలె. బీడీల ఇంట్ల పుట్టి గది గూడ మర్చిపోయినవా?" అంటూ పారబోయడానికి గిన్నె ఎత్తింది. అప్పటికే నేనూ ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. తీపి వెనకాల, సన్నగా, అదే.

"ఆగు చిన్నమ్మా. ఇదే! అమ్మ పోలెలు గిట్లనే ఉండె."

చిన్నమ్మ గిన్నెతో సహా కింద కూలబడింది.

"ఆ పండుగ నీకు యాదికున్నదా? పగటేళదాంక చాట ఇడువలే మీ అమ్మ. తొందరల ఉత్తనీళ్ళతోని కడుక్కొని పూర్ణం కలిపింది. మీ నాయిన ఒక్క తునక తిని పళ్ళెం నూకేసిండు. తమ్ముడు ఊంచిండు. నువ్వొక్కదానివే బాగున్నయమ్మా అని తిన్నవ్. బిడ్డకు నా చేతులతోని తంబాకు తినవెట్టిన్నని ఎంత ఏడ్సిందో! ఆ దినం మల్ల చాట ముట్టలే. మిమ్ముల ఒళ్ళె ఏసుకొని కూసున్నది. అప్పటిసంది పిండి ముట్టేముందల వేలు నాలుక్కి తాకించి చూసుకునేది."

నాకు పళ్ళెం గుర్తులేదు, ఏడుపు గుర్తులేదు. పొద్దు గూకేదాకా అమ్మ ఒళ్ళో పడుకోవడం మాత్రం గుర్తుంది. మిగతా రోజుల్లో ఆ ఒళ్ళో చాట ఉండేది. తమ్ముడి ముందే వెక్కి వెక్కి ఏడ్చాను.

చిన్నమ్మ నా చేతులు చింతపండుతో వేలువేలునా రుద్ది కడిగింది. "ఇగ చూసుకో" అంది. వేలు నాలుకకు తాకించాను. పులుపు తప్ప మరేమీ లేదు. ఆ చేతులతోనే మళ్ళీ పూర్ణం కలిపాను. దేవుడికి పెట్టి, తమ్ముడికి రాఖీ కట్టి, ఒంటిగంటకు కట్టుచారుతో, శేంగా చట్నీతో కడుపునిండా తిన్నాం. పోలెలు హైదరాబాద్‌లో నేను చేసినట్టే ఉన్నాయి, అమ్మ అక్కడ చేసినట్టే ఉన్నాయి. ఏదీ తక్కువనిపించలేదు.

సాయంత్రం రైల్లో కూర్చున్నాక కూడా అదే తలపోత. నేను నెలరోజులు వెతుక్కున్న రుచి, మళ్ళీ మా నోటికి తగలకూడదని అమ్మ బతికినంతకాలం జాగ్రత్తపడిన రుచి. హైదరాబాద్ వచ్చి బీడీలు మానేసి ఏళ్ళు గడిచినా ఆమె తన చేతుల్ని నమ్మలేదు. వేలు నాలుకకు తాకించడం మొక్కు కాదు, మా మీద బెంగ. ఇక ఆ రుచి వెతకను.

మీరూ ఎవరింటికైనా వెళ్ళి సరదాకి నాలుగు బీడీలు చుడితే, సబ్బును నమ్ముకోకండి. చింతపండు అడిగి తీసుకుని గోళ్ళ సందుల్లో కూడా రుద్దుకోండి. ఎవరికైనా వడ్డించే ముందు వేలి కొస ఒకసారి నాలుకకు తాకించి చూసుకోండి.