అక్క వాకిట్లో చిన్న బోరు

మా మిషినికి ఇంగ్లీషులో పొడవాటి పేరేదో ఉంది. గోదావరిఖని చుట్టుపక్కల మేం తిరిగిన ఊళ్లన్నింటిలో దాన్ని పొడిచే మిషిని అన్నారు. నాకూ అదే అలవాటైంది. గొలుసు పట్టీల మీద పాకుతూ వస్తుంది. ఇనుప రాడ్డును నేల మీద నిలబెట్టి, పైనుంచి సుత్తి దెబ్బలతో లోపలికి దింపుతుంది. బోరుబండిలా తొలిచేది కాదు, బురద చిమ్మేది కాదు. రాడ్డు లోపల ప్లాస్టిక్ గొట్టం ఒకటి ఉంటుంది. రాడ్డును పైకి లాగి ఆ గొట్టాన్ని నిలువునా కోస్తే నేల పొరలు పొరలుగా, ఉన్నది ఉన్నట్టు కనబడుతుంది. ఎన్నో ఏళ్లుగా అదే నా పని. మా నాయన బాయిలో దిగి బొగ్గు తవ్వాడు. నాకు ఆ నౌకరీ రాలేదు గాని, నేల నన్ను వదల్లేదు.

మా అక్క ఊరు ఖని నుంచి షేర్ ఆటోలో అరగంట దూరం. ఆమెది ఊరి చివరి వాడ. వాడ వెనక ఒకప్పుడు పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే రేకుల షెడ్డు ఉండేది. పెట్టినవాడు ఎక్కడివాడో ఎవరికీ తెలియదు. ఒక వానాకాలం రేకులు కూడా ఊడదీసుకుని మాయమయ్యాడు. బూడిదరంగు మట్టిని మాత్రం మాకు వదిలిపోయాడు. ఆ తర్వాతే వాడలోని చేత్తో కొట్టే బోరింగు నీళ్లు పుల్లబడ్డాయి. చాయ్ పెడితే పాలు విరిగిపోయేవి. నల్లా ఉంది కదా అంటారు. ఉంది, వాడ తోకన ఉన్న ఇళ్లకు నీళ్లెక్కవు.

బావ పోయాక అక్క బీడీలు చేసుకుంటూ ఒక్కతే ఉంటోంది. బోరింగు ఆమె వాకిలి ముందే. రెండేళ్ల కింద కాళ్లు ఉబ్బితే దవాఖానకు తీసుకుపోయాను. కిడ్నీలు సగం దెబ్బతిన్నాయని చెప్పిన డాక్టరు, మందులు రాస్తూ రాస్తూ ఆగి, ఏం నీళ్లు తాగుతున్నవమ్మా అని అడిగాడు. ఆ రోజు నుంచి ఆమెకు క్యాన్ నీళ్లు తెప్పించడం మొదలుపెట్టాను. ఆటో అతను వచ్చి గడప దగ్గర దించిపోయేవాడు.

"నీళ్లు కొనుక్కునుడేంది తమ్మి, వాకిట్ల బోరింగు వెట్టుకొని," అని గొణిగేది. నేను అరిచేవాణ్ని. నాకు కోపం తొందరగా వస్తుంది, అక్క దగ్గర మరీ తొందరగా వస్తుంది. చివరికి, బోరింగు నీళ్ల సంగతి తేలేదాకా క్యాన్ నీళ్లే తాగుతానని ఒప్పుకుంది.

తేల్చడం కోసం వాడవాళ్లు ఆఫీసుల్లో దరఖాస్తుల మీద దరఖాస్తులు పెట్టారు. మొదట బోరింగు నీళ్లే సీసాలో పట్టి పంపారు. పైపులకు పట్టిన తుప్పు కలిసిందని అధికారులు ఆ పరీక్షను పక్కన పడేశారు. నేలలోంచి నేరుగా తీసిన నీళ్లయితేనే లెక్కట. ఆ నీళ్లు చెడ్డవని కాగితం వస్తే బోరింగు మూసేసి, రోజూ ట్యాంకరు పంపి, వాడకు వేరే లైను వేస్తామన్నారు. ఆ నీళ్లు తీసే పని మా మిషినికే వచ్చింది. వాడకంతటికీ ఒకే ఒక్క చోట తీయాలని ఆర్డరు. ఆ చోటు అక్క వాకిట్లోనే ఉండేలా మా ఇంజనీరు సార్‌ను బతిమాలింది నేనే. బోరింగు పక్కనే కదా సార్ అన్నాను. ఆయన సరేనన్నాడు.

మిషిని వచ్చిన రోజు అక్క ఇంటి ముందు అలుకు చల్లి ముగ్గేసింది. వాడంతా చుట్టూ చేరింది. రాడ్డు దిగుతుంటే గోడలు అదిరాయి. గొట్టం కోసి చూస్తే పైన ఎర్రమట్టి, దాని కింద వేలి మందాన బూడిదరంగు పొర, ఆ కింద జిగట రేగడి. ఆ బూడిద పొరను చూసి నాకు సంతోషమేసింది, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఇక కాదనేవాడు ఉండడు అనుకున్నాను.

రేగడిలోంచి నీరు మెల్లగా ఊరుతుంది. అందుకని ఆ రంధ్రంలో సన్నటి చీలికలున్న పైపు దించి రెండు రోజులు వదిలేయాలి. పైపుకు మూత పెట్టి తాళం వేయడం రూలు. సార్ సంచిలోంచి తాళం తీసి నా చేతికిచ్చాడు. అప్పుడే అక్క చాయ్ గ్లాసులు పట్టుకుని వచ్చింది. సొంత అక్క వాకిట్లో, ఆమె కళ్ల ముందు, ఆమెను నమ్మనట్టు తాళం వేయడానికి నాకు చెయ్యి రాలేదు.

"మా అక్క ఇల్లే సార్, ఎవరు ముట్టరు," అన్నాను.

అక్క ఆ పైపు వైపు చూసి, "గిదేంది తమ్మి?" అని అడిగింది.

పొద్దుటి నుంచి సుత్తి మోతలో ఉన్నవాణ్ని, తల పగిలిపోతోంది. విడమరిచి చెప్పే ఓపిక లేదు. "చిన్న బోరు అనుకో అక్క," అన్నాను. ఆ ఒక్క మాట అనకుండా ఉంటే ఎంత బాగుండేది.

రెండు రోజులకు తిరిగి వెళ్లేసరికి పైపు మూతకు పసుపు, కుంకుమ. మెడకు బంతిపూల దండ. పక్కన కొబ్బరి చిప్పలు. సార్ అది చూసి నవ్వుకుని, ఫోన్ మాట్లాడుతూ బండి దగ్గరికి పోయాడు.  నేను అక్కను పక్కకు పిలిచి, మూత తీసినవా అని అడిగాను.

"తియ్యకుంటె ఎట్ల తమ్మి? కొత్త బోరుకు తొలినీళ్లు మంచి జాగ నుంచి తెచ్చి పొయ్యాలె గద. మన ఇంట్ల బోరు వడ్డప్పుడు నాయన పొయ్యలేదా, యాదికి లేదా?"

యాదికి ఉంది. నాయన గోదారికి పోయి బిందె భుజాన పెట్టుకుని తెచ్చాడు. అలా పోస్తే లోపలి నీళ్లు మంచిగా మారతాయని, ఎండిపోవని మా ఇంట్లో నమ్మకం. బోరు అనే మాట వింటే మా అక్క ఏం చేస్తుందో నాకంటే బాగా తెలిసినవాడు ఎవడూ లేడు. అయినా ఆ మాట అన్నాను.

"ఎన్ని పోసినవు?"

"మూడు బిందెలు. ఆటో మాట్లాడుకొని గోదారికి వోయి తెచ్చిన. సన్నగ ధార వోసుకుంట, నిండినప్పుడల్ల ఆగుకుంట, పొద్దంత వోసిన. జల్ది ఇంకలే," అంది. ఉబ్బిన కాళ్లతో నిలబడి, ఎంతో మేలు చేసినట్టు నా మొహంలోకి చూసింది.

సార్‌కు చెప్పాలి. చెబితే ఆ చోటు రద్దవుతుంది. ఉన్నది ఆ ఒక్క చోటే. సాయంత్రానికి మిషిని మందమర్రిలో ఉండాలి. మళ్లీ ఆర్డరు రావడానికి ఇంకెన్ని దరఖాస్తులో, అక్క కిడ్నీలు అంతదాకా ఆగుతాయో లేదో. రూలు ప్రకారం పైపులోని పాత నీళ్లు మూడుసార్లు తోడి పారబోసి, కొత్తగా ఊరినవి పట్టాలి. తోడేస్తే గోదారి నీళ్లన్నీ పోయి అసలువి వస్తాయిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. మూడు కాదు, ఐదుసార్లు తోడాను. కానీ పొద్దంతా తాగిన రేగడి మళ్లీ ఆ నీళ్లనే ఇస్తుంది కదా. సీసా నింపి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పుల్లటి వాసన లేదు. అప్పుడే తెలిసిపోయింది. తెలిసే చీటీ మీద టైము రాసి, పేరు రాసి, సంతకం పెట్టాను.

నెల తర్వాత కాగితం వచ్చింది. నీళ్లు తాగడానికి పనికొస్తాయని రాశారు. గొట్టంలోని మట్టి పరీక్ష కాగితం వేరుగా వచ్చింది, అందులో సీసం ఉందనే ఉంది. మట్టిని ఎవరూ తాగరు కదా అన్నారు. ట్యాంకరు లేదు, లైను లేదు, ఫైలు మూసేశారు. అప్పుడు సార్‌కు ఫోన్ చేసి జరిగింది మొత్తం చెప్పాను.  సంతకం నీదే కదా, ఇప్పుడు ఈ మాట బయటపెడితే మనం తీసిన ఏ సీసానూ ఎవడూ నమ్మడు అన్నాడు. పై ఆఫీసుకు నేనే ఒక అర్జీ రాసి ఇచ్చాను. ఇప్పటికీ జవాబు లేదు. వస్తుందన్న ఆశ కూడా లేదు.

పోయిన ఆదివారం అక్కకైనా నిజం చెప్పేద్దామని వెళ్లాను. దారిపొడవునా మాటలు కూర్చుకున్నాను. నువ్వు పోసిన నీళ్ల వల్లే అక్కా అని ఎలా మొదలుపెట్టినా, వాడ మొత్తానికి వచ్చిన ఒక్క అవకాశాన్ని ఆమె చేతులతోనే పోగొట్టినట్టు అవుతుంది. తప్పు నాదని ఎంత చెప్పినా ఆమె వినదు, తన మీదే వేసుకుంటుంది. పంచాయతీ గోడ మీద ఆ కాగితం ఇంకా అంటించే ఉంది. కింద నీళ్లు తీసినవాడిగా నా పేరుంది.

గడప దగ్గర క్యాన్ లేదు.

"క్యాన్ ఆటోను బంద్ చెయ్యుమన్న తమ్మి. గంగమ్మ నా మాట ఇన్నది. ఇగ కొనుక్కునుడెందుకు?"

"గట్ల చెయ్యకు అక్క. క్యాన్ నీళ్లే తాగు," అన్నాను.

"ఏందిరా నీ ఫికరు? గోడ మీద కాగితం సూడలేదా? నీ పేరే ఉన్నది గద. నువ్వు సంతకం వెట్టినంక నాకేం భయం?" అంటూ బోరింగు దగ్గరికి పోయింది. కాళ్లు మునుపటికంటే ఎక్కువ ఉబ్బాయి. నాలుగు దెబ్బలు కొట్టేసరికే ఆయాసమొచ్చి నిలబడింది. ఇంటికొచ్చిన వాడికి ఇచ్చినట్టే చెంబు నింపి నా చేతికిచ్చింది.  చెంబెత్తి తాగాను. పుల్లగా ఉన్నాయి.

"ఎట్లున్నయి?" అని అడిగింది.

"మంచిగున్నయి అక్క," అన్నాను.