ఎడమ సీటు బెల్టు

నేను దెయ్యాల్ని నమ్మే మనిషిని కాదు. నమ్మితే నా పని ఒక్కరోజు కూడా సాగదు.

నేను మోటారు ఇన్సూరెన్స్ సర్వేయర్ని. గుద్దుకున్న బండ్లు, కాలిపోయిన బండ్లు చూసి, ఎందుకలా జరిగిందో తేల్చి రాయడం నా పని. గవర్నర్‌పేటలో ఒక మేడ మీద చిన్న ఆఫీసు, భవానీపురంలో ఇల్లు. కాలిన కారు పక్కన నిలబడి ఓనర్లు నాకు చాలా చెబుతుంటారు. బండికి పూజ చేయించిన రోజు మంచిది కాదని, ఎవరి కళ్ళో పడ్డాయని, టైరు కింద నిమ్మకాయ సరిగా నలగలేదని. అన్నీ వింటాను. విన్నాక మోకాళ్ళ మీద కూర్చుని కార్పెట్ మిగిలి ఉంటే ఎత్తి చూస్తాను. చాలాసార్లు దాని కింద నీళ్ళు చేరిన గుర్తులు కనిపిస్తాయి.

నీళ్ళ వల్ల మంటలేమిటని జనం నన్ను వింతగా చూస్తారు. ముందు అద్దం చుట్టూ ఉన్న రబ్బరు పాడై వాన నీళ్ళు లోపలికి దిగుతాయి. లేదా ఏసీ నీళ్ళు బయటికి పోయే గొట్టం చెత్తతో మూసుకుపోతుంది. కార్పెట్ పైకి పొడిగానే ఉంటుంది, కింద స్పాంజి మాత్రం నీళ్ళు పీల్చుకుని ఉంటుంది. వైర్లు పోయేది కూడా అక్కడే. రాగికి చిలుము పడుతుంది, జాయింటు వేడెక్కుతుంది. నెలల తరబడి ఏమీ కాదు. ఒకరోజు అంటుకుంటుంది. మా ఊళ్ళో కార్లు వరదలో మునిగిన ఏడాది తర్వాత ఇలాంటివి చూసి చూసి విసుగెత్తిపోయాను.

కాలిన కార్లలో నేను తప్పకుండా చూసేది ఇంకొకటి ఉంది. సీటు బెల్టు పట్టీ కాలిపోయినా, దాని చివర ఉండే ఇనుప క్లిప్పు మిగులుతుంది. అది తలుపు వైపు కింద పడి ఉంటే సీటు ఖాళీగా ఉందని, లేదా మనిషి బెల్టు విప్పుకుని దిగాడని అర్థం. సీటు పక్కనున్న లాక్‌లోనే ఉంటే మాత్రం ఆ మనిషి దిగలేదని. అలాంటిది కనిపించినప్పుడు నేను ఇంటివాళ్ళని ఆ సీటు గురించి ఇంకేమీ అడగను.

ఇక నా కారు సంగతి.

నా భార్య రాజ్యానికి సీటు బెల్టు అస్సలు గిట్టేది కాదు. చీర నలుగుతుందని, మెడ ఒరుసుకుంటుందని, ఏదో ఒక వంక. ఆమె ఎడమ సీట్లో కూర్చుని నేను కారు కదిలించగానే టింగ్ టింగ్ మని మొదలయ్యేది. దాంతోపాటు నేనూ మొదలుపెట్టేవాణ్ణి.

"బెల్టు పెట్టుకో రాజ్యం. నేను రోజూ చూసేవి నువ్వు చూస్తే నిద్రలో కూడా విప్పవు."

ఆమె కిటికీలోంచి షాపుల బోర్డులు చదువుకుంటూ కూర్చునేది. కాసేపటికి కారు అలిసిపోయి ఊరుకునేది. "మీకంటే ఇదే నయమండీ, కాసేపు మొత్తుకుని వదిలేస్తుంది" అనేది.

ఆమె పుట్టిల్లు ముదినేపల్లి దగ్గర. తమ్ముడు శ్రీనుకి అక్కడ రొయ్యల చెరువులున్నాయి. మేం వెళ్ళినప్పుడల్లా థర్మాకోల్ పెట్టెలో ఐసు పోసి రొయ్యలు సర్ది ఇచ్చేవాడు. డిక్కీలో పెడితే దొర్లిపోతుందని రాజ్యం ఆ పెట్టెను తన కాళ్ళ దగ్గరే పెట్టుకునేది. గుడివాడ దాటేసరికి ఐసు కరిగి మూత పక్కనుంచి కారడం మొదలయ్యేది. ఆ ఉప్పు నీళ్ళ వాసన కార్లో చాలా రోజులు ఉండిపోయేది. నేను గొణిగితే, "తినేటప్పుడు కూడా ఇలాగే గొణగండి చూద్దాం" అనేది. మా వైపు కార్లున్న ఇళ్ళల్లో ఇది మామూలే. ఎవరి కారు తలుపు తీసినా ఎడమవైపు కాస్త నీచు వాసన వస్తుంది.

పోయినేడు వానలు మొదలైన రోజుల్లో, పొద్దున్నే, రాజ్యం వంటింట్లో కూలబడిపోయింది. మాట పడిపోయింది. అంబులెన్స్ కోసం ఆగే ఓపిక లేక నేనే ఎత్తుకొచ్చి ఎడమ సీట్లో కూర్చోబెట్టి, సీటు వెనక్కి వాల్చి ఆస్పత్రికి బయలుదేరాను. దారంతా నన్నే చూస్తోంది. ఏదో చెప్పాలని పెదాలు కదిపింది, మాట రాలేదు. ఆ రోజు కూడా బెల్టు మోగింది. పెట్టుకోమని నేను అనలేదు. అది మోగి మోగి ఆగిపోయింది. రాజ్యం మళ్ళీ నా కారెక్కలేదు.

దినాలన్నీ అయ్యాక మొదటిసారి ఆఫీసుకని కారు తీశాను. వీధి మలుపు తిరిగేసరికి ఎడమ సీటు మోగింది. సీట్లో ఎవరూ లేరు, కనీసం సంచి కూడా లేదు.

నేను భయపడలేదు. నాకు కారణం తెలుసు. సీటు కింద వైర్లు కలిపే కనెక్టర్‌లోకి తడి చేరితే, ఖాళీ సీట్లో కూడా మనిషి ఉన్నట్టు కారు పొరపాటు పడుతుంది. అందుకే వాన రోజుల్లో ఎక్కువ మోగేది, ఎండ కాస్తే తగ్గేది. సీటు విప్పి ఆరబెట్టి కనెక్టర్ మారిస్తే సరిపోతుంది. వేరేవాళ్ళ కారయితే అదే రోజు చేయించమని చెప్పేవాణ్ణి.

నా కారుకి చేయించలేదు. ఇంట్లో ఆమె చీరలు మా అమ్మాయి బీరువాలో సర్దేసింది. మందులు పారేసింది. ఆమె పక్కనుందని నాకు చెప్పేది ఈ లోకంలో ఆ ఒక్క చప్పుడే మిగిలింది. అది మోగినప్పుడల్లా "బెల్టు పెట్టుకో రాజ్యం" అనేవాణ్ణి. అనగానే ఏడుపొచ్చేది. బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ పడితే పక్క ఆటోలోవాళ్ళు నా వంక చూసేవాళ్ళు. చూస్తే చూడనీ అనుకునేవాణ్ణి. ఎండాకాలం మొదలై అది మోగడం తగ్గాక మాత్రం దిగులుగా ఉండేది.

మా అమ్మాయి హారిక ఏలూరులో ఉంటుంది. కాన్పుకి మా ఇంటికి వచ్చింది. ఆస్పత్రికి చెకప్‌కి తీసుకెళ్తున్నప్పుడు వెనక సీట్లోంచి విన్నది.

"ఎవరూ లేకుండా మోగుతోందేంటి నాన్నా?"

"తడి చేరిందమ్మా."

"మరి బాగుచేయించవా? ఊళ్ళోవాళ్ళ కార్లన్నిటికీ చెబుతావుగా."

నా ముఖం అద్దంలో చూసినట్టుంది, ఆ రోజుకి ఊరుకుంది. బాబు పుట్టాక ఒక సాయంత్రం నా పక్కన కూర్చుని, "నాకూ అమ్మే నాన్నా. కానీ వీణ్ణి ఆ కార్లో ఎక్కించాలంటే భయంగా ఉంది" అంది.

ఆ ఆదివారం ఇంటి ముందు నీడలో సీటు విప్పాను. కనెక్టర్ పిన్నులన్నీ పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. కార్పెట్ వచ్చినంత మేర ఎత్తి ఆరబెట్టాను. కనెక్టర్ కత్తిరించేసి, వైర్ల కొసలకి విడివిడిగా టేపు చుట్టి, కత్తిరించిన కనెక్టర్ తెచ్చి హాల్లో షెల్ఫు మీద పెట్టాను. కొత్తది తెప్పించేదాకా ఆ సీటుకీ కారుకీ సంబంధం లేదు. ఏనుగును కూర్చోబెట్టినా మోగదు. సీటు బిగించి కారు స్టార్ట్ చేసి వీధి చివరిదాకా వెళ్ళొచ్చాను. మోగలేదు. ఇంటి ముందు ఆపి స్టీరింగ్ పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను. రాజ్యం ఆ రోజు మళ్ళీ పోయినట్టనిపించింది.

బాబుకి మూడు నెలలు నిండి మెడ నిలబడ్డాక శ్రీను ఫోన్ చేశాడు. "వాణ్ణి ఒకసారి తీసుకురండి బావా. అక్క ఉంటే ఈపాటికి ఎన్నిసార్లు తెచ్చేదో" అన్నాడు. మర్నాడు పొద్దున్నే బయలుదేరాం. నేను డ్రైవింగు, హారిక నా వెనక సీట్లో బాబుని పెట్టుకుని కూర్చుంది. బాబు సంచి ఎడమ సీట్లో పెట్టాం.

ఉయ్యూరులో కారాపమని, బాబుకి పాలు కలపాలని హారిక అంది. నేను కిందికి దిగి అటువైపు తలుపు తీసి సంచి అందుకుని వెనక్కిచ్చాను. బెల్టు తలుపు పక్కన మామూలుగా వేలాడుతోంది. సంచి తీసేటప్పుడు దాని పట్టీకి తట్టుకుంటే, విడిపించింది నేనే. తర్వాత సంచి వెనకే ఉండిపోయింది, ముందు సీట్లో ఏమీ పెట్టలేదు.

ఉయ్యూరు దాటి పామర్రు వైపు పోతున్నాం. ఎండ బాగా ఉంది, రోడ్డు ఖాళీగా ఉంది, పక్కనే కాలవ. ఉన్నట్టుండి ఎడమ సీటు మోగింది.

కనెక్టర్ మా ఇంట్లో షెల్ఫు మీద ఉంది.

అప్పుడు నేను సర్వేయర్లా ఆలోచించానని చెప్పుకోవచ్చు. వైరింగులో ఏదో తేడా వచ్చిందని పసిగట్టి ఆపానని చెబితే నలుగురూ మెచ్చుకుంటారు. అది నిజం కాదు. ఎన్నో రోజుల తర్వాత ఆ చప్పుడు విన్నాను, సరిగా వినాలనిపించింది. అందుకని కారు పక్కకి తీసి ఆపాను. ఇంజను ఆపితే ఆ చప్పుడు పోతుందేమోనని తాళం కూడా తిప్పలేదు.

బాబు నిద్రలేచి గుక్కపట్టాడు. "ఇక్కడెందుకు ఆపావు నాన్నా?" అంటూ హారిక వాణ్ణి భుజాన వేసుకుని దిగి చెట్టు నీడకి వెళ్ళింది. వెళ్తూ వెనక్కి తిరిగి, "ఏదో కాలిన వాసన వస్తోంది. నువ్వూ దిగు" అంది. దిగాను. అప్పుడు కనిపించింది. ఎడమ సీటు ముందు, రాజ్యం కాళ్ళు పెట్టుకునే చోటునుంచి సన్నగా పొగ లేస్తోంది.

హారిక దగ్గరికి వెళ్ళేసరికి లోపల మంట కనిపించింది. కారు తలుపులు నాలుగూ టక్కుమని వాటంతటవే లాక్ పడ్డాయి. షార్ట్ అయితే అలా పడతాయి, అలా పడ్డ కార్లు నేను చూశాను. లోపలివాళ్ళు తీయలేకపోవడమూ చూశాను. నా మనవడు బయట వాళ్ళమ్మ భుజం మీద ఉన్నాడు.

లోపల బెల్టు ఇంకా మోగుతూనే ఉంది. అద్దాలు మూసున్నా వినిపిస్తోంది. ఎప్పుడూ మోగేంత సేపు మోగలేదు. మధ్యలో ఠక్కున ఆగిపోయింది.

నేను కారు వైపు నడిచాను. ఎందుకు నడిచానో అప్పుడు నాకు తెలియదు. హారిక ఒంటిచేత్తో నా చొక్కా పట్టుకుని లాగింది.

"నాన్నా, అందులో ఎవరూ లేరు. నాన్నా, విను, ఎవరూ లేరు."

ఆమె ఏడుస్తోంది. నేనూ ఏడ్చాను. ఫైరింజన్ వచ్చేసరికి కారు మొత్తం కాలిపోయింది.

నా కారుకి నేను సర్వే చేయకూడదు. రవి అని, నాతోపాటు పనిచేసే ఆయన వచ్చాడు. నేను పక్కన నిలబడ్డాను. మంట ఎక్కడ మొదలైందో ఇద్దరికీ తేలిగ్గానే తెలిసింది. ఎడమవైపు కాళ్ళ దగ్గర, డాష్‌బోర్డు కిందికి పోయే పెద్ద వైర్ల కట్ట. నేను ఎత్తిన కార్పెట్‌కి ఇంకా ముందు. ఇన్నేళ్ళ రొయ్యల పెట్టెల ఉప్పు నీళ్ళు అక్కడికి చేరాయి. సీటు మోగడం కూడా ఆ కట్టలో వైర్లు కరిగి ఒకదానికొకటి తగలడం వల్లే అయ్యుంటుందని రవి అన్నాడు. కావచ్చు, నేనైనా అదే రాస్తాను. మధ్యలో ఆగిపోవడం వైరు తెగడం వల్ల. దానికీ ఒప్పుకుంటాను.

తర్వాత రవి ముందు సీట్ల మధ్య బూడిద చేత్తో పక్కకి తీశాడు. కాసేపు అలాగే వంగి చూశాడు. లేచి నా ముఖంలోకి చూడకుండా మెల్లగా అడిగాడు.

"ఎడమ సీట్లో ఎవరు కూర్చున్నారు సార్?"

"ఎవరూ లేరు. అమ్మాయి వెనక కూర్చుంది."

"బెల్టు పెట్టి ఉందండీ."

నేను వంగి చూశాను. క్లిప్పు లాక్‌లో దిగి ఉంది. నల్లగా మాడిపోయి ఉంది, లాగితే రాలేదు. పట్టీ కాలి పడిపోతే తలుపు వైపు పడాలి, ఇది కారు మధ్యలో ఉంది. చేత్తో పట్టుకుని లాగి నొక్కితే తప్ప అది లోపలికి దిగదు. హారికను అడిగాను. తను ముందు సీటు ముట్టుకోలేదని బాబు మీద ఒట్టేసి చెప్పింది. ఉయ్యూరులో ఆ బెల్టు వేలాడుతుండగా చూసింది నేను. ఆ తర్వాత ఆ సీట్లో ఎవరూ కూర్చోలేదు.

రవి నా భుజం మీద చెయ్యి వేసి దూరంగా వెళ్ళి నిలబడ్డాడు. ఆ సీటు గురించి ఇంకేమీ అడగలేదు. మా పనిలో ఉన్నవాళ్ళం అడగం.

నీళ్ళు ఎలా చేరాయో చెప్పగలను. నిప్పు ఎలా పుట్టిందో చెప్పగలను. కాలిన బండ్ల దగ్గర ఎంతమందికో నచ్చజెప్పిన మనిషిని, దీనికి మాత్రం నాకు నేను ఏమీ చెప్పుకోలేకపోతున్నాను. ఆ రోజు మేం ముగ్గురం దిగిపోయాం. బతికినన్నాళ్ళూ నేను ఎంత మొత్తుకున్నా బెల్టు పెట్టుకోని రాజ్యం, ఆ రోజు ఎందుకు పెట్టుకుందో నాకు ఇప్పటికీ తెలియదు.