అల్లం కొట్టంలో రక్తపిశాచులు

తొలకరి వానల మిరుగు కార్తె దగ్గరపడితే మా ఇంట్లో అందరికీ ఒకటే పని, విత్తనపు అల్లం ఏరడం. గడ్డి కింద చల్లగా దాచిన కొమ్ముల్ని కొట్టంలో కుప్ప పోసి, కుళ్ళినవి అవతల పారేసి, మంచివాటిని మొలక కన్ను ఒక్కటైనా మిగిలేలా ముక్కలుగా విరవాలి. మా నాయనమ్మ పెద్దరికమంతా ఆ కొట్టంలోనే చూడాలి. ఆమె పక్కన పక్కింటి ఖాలా, ఎదురుగా కూలికి వచ్చిన ఆడవాళ్ళు. నాకు ఆ పని చేతకాదు. సరిగ్గా కన్నున్న చోటే విరిచేదాన్ని. కాసేపు చూసి నాయనమ్మ నన్ను పనిలోంచి తీసేసింది.

"నీ చేతులు విత్తనం ఆగం చేస్తున్నయి. నోరైతే మంచిగనే ఉన్నది గద, ఏమన్న చదువు, ఇంటం" అంది.

ఎనభైల మొదట్లో, నేను పదో తరగతి పాసై ఇంట్లో ఉన్న ఎండాకాలం అది. బస్టాండు దగ్గర అద్దె పుస్తకాల దుకాణంలో అప్పట్లో దయ్యాల నవలలకున్న గిరాకీ దేవుడి పుస్తకాలకు ఉండేది కాదు. నేను తెచ్చింది ఒక వారపత్రికలో వచ్చిన సీరియల్. ఎవరో ఓపికగా పేజీలు చించి, దారంతో కుట్టి, అట్ట వేసిపెట్టారు. అందులో పదహారేళ్ళ పిల్ల హైదరాబాదులో పగలు కాలేజీకి పోతుంది, చీకటి పడితే రక్తపిశాచుల్ని వేటాడుతుంది. ఆమె పుస్తకాల సంచీలో జామెట్రీ బాక్సు పక్కనే చెక్కిన కర్రమేకు ఉంటుంది. అచ్చం నా ఈడు పిల్ల. నాకేమో కత్తిపీట ముందు కూర్చోవాలన్నా ఇంట్లో ఎవరో ఒకరు కాపలా.

"రక్తపిశాచంటే ఏందే?" అని నాయనమ్మ మొదటి పేజీలోనే ఆపింది.

"మనిషి లెక్కనే ఉంటది నాయనమ్మా. మెడ కొరికి నెత్తురు తాగుతది."

"జలగ లెక్కనా?"

"ఆ, జలగ లెక్కనే. కాకపోతే కోటు తొడుక్కుంటది."

ఆ కోటు తొడుక్కున్న పిశాచి రోజూ డబుల్ డెక్కర్ బస్సులో పై అంతస్తున కూర్చుని ప్రయాణం చేస్తుందని చదివితే కొట్టంలో ఎవరూ నమ్మలేదు. బస్సు మీద బస్సు ఎట్లుంటుందని నన్నే దబాయించారు. హైదరాబాదులో చెల్లెలున్న ఖాలా సాక్ష్యం చెప్పాక గానీ కథ కదల్లేదు. "ఉంటది అక్కా, నేనెక్కిన. మీద కూసుంటె దునియా మొత్తం కనవడతది" అంది ఖాలా.

అసలు గొడవ వెల్లుల్లి దగ్గర వచ్చింది. వెల్లుల్లి వాసన తగిలితే పిశాచి పారిపోతుందట. ఒక్కసారిగా అందరూ చేతుల్లో అల్లం వదిలేసి నవ్వారు.

"ఎల్లిగడ్డకు ఉరికేది దయ్యమెట్లైతదే? మన దిక్కు ఎవలింటికొచ్చినా ఒక్కపూట బతకది" అంది నాయనమ్మ.

"మరి అల్లానికి భయపడదా బేటీ?" అని ఖాలా అడిగింది. నవలలో అల్లం ఊసే లేదని చెప్పాను. మా పంటను ఎవరో చిన్నచూపు చూసినట్టు నాయనమ్మ మొహం మాడ్చుకుంది. "రాసినాయనకు యెవుసం తెల్వది" అని తీర్పు చెప్పింది.

ఆ మధ్యాహ్నాలు ఎంత బాగుండేవో. అయినా కథ ఆపి తల ఎత్తితే నాకు దిగులే. జూనియర్ కాలేజీ బొంబాయి రోడ్డుకు అవతల ఉంది. రోడ్డు మీద రాత్రనక పగలనక లారీలు. "చదివింది చాలు. లారీలు, డ్రైవర్లు, దాబాలు, ఆ తొవ్వల ఆడపిల్ల పోవుడేంది?" అని నాయనమ్మ ఎప్పుడో తేల్చేసింది. నాన్న "అమ్మ సరే అంటే నాకేం" అని తప్పుకున్నాడు. ఏడ్చాను, అలిగాను, అన్నం మానేశాను. నా వాటా అన్నం బర్రెకు పోయింది తప్ప ఇంకేమీ జరగలేదు. కాలేజీ తెరిచే రోజులు దగ్గరపడుతున్నాయి.

అలాంటప్పుడు నవలలో ఆ పిల్లను వాళ్ళ మేనత్త గదిలో పెట్టి తాళం వేసింది. బయట పిశాచాలున్నాయి, నువ్వు నాకు దక్కాలి, ఇల్లు కదలొద్దు అని ఆవిడ ఏడుపు. నేను చదువుతుంటే నాయనమ్మ చేతిలో కొమ్ము పటుక్కున విరిగింది.

"దానికి మతి గిట్ల పోయిందా? పిల్లను ఇంట్ల పెట్టి తాళమేస్తె దయ్యాలు ఊరిడిసి పోతయా? గంత ధైర్నమున్న పిల్ల! తీయవే తలుపు!" అని పుస్తకం మీదికే అరిచింది.

ఖాలా తల ఎత్తకుండా, ఏరుతూనే, మెల్లగా అంది. "అక్కా, మరి మన పిల్ల?"

కూలికి వచ్చిన ఆడవాళ్ళు ఏరడం ఆపి నాయనమ్మ వైపు చూశారు.

"అది వేరె, ఇది వేరె" అంది నాయనమ్మ.

"ఎట్ల వేరె, జర చెప్పరాదు?"

నాయనమ్మ లేచింది. ఒళ్ళో మట్టి దులుపుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది. మర్నాడు కొట్టానికి రాలేదు. ఆడవాళ్ళు చదవమన్నా నేను పుస్తకం తెరవలేదు. నాకూ పంతం వచ్చింది. చివరికి ఇంట్లోంచి గొంతు వినిపించింది. "ఆ పిల్ల బయటపడ్డదా?"

"లేదు. నువ్వొస్తేనే చదువుత" అన్నాను.

ఆమె వచ్చి గుమ్మంలోనే కూర్చుంది. చదివాను. పిల్ల కిటికీ ఊచ వంచి దూకి పోయింది. "తలుపు తీస్తె నడుసుకుంట పోయేది గద, కాళ్ళిరగ్గొట్టుకునేటట్టు దుంకుడెందుకు" అని నాయనమ్మ గొణిగింది. ఆ సాయంత్రం నాన్న చెప్పులు విప్పకముందే, "పిల్లను కాలేజీల చేర్పియ్యి" అంది. నాన్న నా మొహం చూశాడు, నేను నేల చూశాను. నవ్వితే మళ్ళీ మాట మారుస్తుందేమోనని నా భయం.

కాలేజీ మొదటిరోజు ఉతికిన చీర కట్టుకుని తనే బయల్దేరింది. వద్దంటే వినదు. రోడ్డు దగ్గర నా మణికట్టు పట్టుకున్న పట్టుకు గాజులు చర్మంలో దిగాయి. చెయ్యెత్తి నిలబడితే బొంబాయి లారీ ఒకటి కీచుమని ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి ఏదో అన్నాడు. "చూసి నడుపు బిడ్డా, పిల్లలు సదువుకొనీకి పోతున్నరు" అని అతనికే బుద్ధి చెప్పి నన్ను దాటించింది.

అవతల నా ఈడు పిల్లలు చూస్తున్నారు. నాకు సిగ్గేసింది. "ఇగ నేను పోత, చెయ్యి ఇడువు నాయనమ్మా" అన్నాను.

ఆమె విడవలేదు. కొత్త ఊరు చూసినట్టు ఆ ఇళ్ళనూ చెట్లనూ దుకాణాలనూ చూస్తోంది.

"జర ఆగే" అంది. "పెండ్లై ఈ ఊరికొచ్చినంక నేను గూడ గీ రోడ్డు దాటుడు ఇయ్యాల్నే."

కాలేజీ గంట కొట్టేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం.