చేతులు తుడుచుకునే మేస్త్రి

లేత్ మిషన్ మేస్త్రి చేతులు ఏ ఊళ్లో చూసినా ఒకటే రంగు, గ్రీజు నలుపు. ఈ మేస్త్రి మాత్రం షెడ్డు నుంచి నేరుగా పరిశ్రమల సంఘం మీటింగ్‌కు వెళ్తూ జేబులో గుడ్డపీలిక పెట్టుకుంటాడు. ఎవరితో చేయి కలపాలన్నా ముందు వేలు వేలూ తుడుచుకోవాల్సిందే; సంఘమంటే అంత మన్నన. పల్చటి ఇత్తడి గొట్టాన్ని లేత్‌కు బిగిస్తే గుండ్రం చెడుతుంది. అతను లోపల కరిగించిన లక్క పోసి, గట్టిపడ్డాక పనిచేసి, మళ్లీ కరిగించి తీసేస్తాడు. ఆ కిటుకు పుణ్యమా అని ఒక పంపుల కంపెనీ పదేళ్లుగా అతన్ని వదల్లేదు. "మనలో మనకు దాపరికమేంటన్నా? నలుగురూ బాగుపడితేనే కదా సంఘం" అని అధ్యక్షుడు అడిగితే కాదనలేక, అందరి ముందూ చేసి చూపించాడు. "అడిగినోళ్లకల్లా తాళంచెవి ఇచ్చొచ్చావు, ఇంక తలుపెందుకయ్యా మనకి?" అంది భార్య.

నెల తిరక్కుండా పంపుల పని అధ్యక్షుడి ఫ్యాక్టరీకి పోయింది. తర్వాతి మీటింగ్‌లో గుమ్మం దగ్గర ఆయనే ఎదురొచ్చాడు. "రా అన్నా, రా! నీలాంటోళ్లే మన బలం. ఇంకేమైనా కిటుకులున్నాయా?" అంటూ తెల్లచొక్కా చేయి చాచాడు. మేస్త్రి అలవాటుగా పీలిక తీశాడు. తుడుచుకోకుండానే మడిచి జేబులో పెట్టేసుకున్నాడు. ఆ తర్వాత అధ్యక్షుడి చేతిని మణికట్టు దాకా రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, చాలాసేపు వదల్లేదు.